మేక రోడ్డు దాటేదాకా

"దించకు బేటా, దించకు. మేక ఇంకా ఇటుపక్కనే ఉన్నది" అంటూ అనీస్ బేగం చెక్క మేకను ఒక పిసరు ముందుకు జరిపింది. టేబుల్ మీద అంటించిన జానెడు వెడల్పు నల్ల రెగ్జిన్ ముక్కే రోడ్డు. ఫోను తెరలో ఫైజల్, పరకాల అవతలి పల్లెలో మంచం మీద కూర్చుని, నీళ్ల సీసా పట్టుకున్న చేతిని ముందుకు చాచి ఉంచాడు. బండి మీద నుంచి పడి మోచేయి విరిగింది. కట్టు విప్పాక చేయి వంకరగానే ఉండిపోయింది. ఆ చేయి సాపుగా ఉన్నంతసేపే మేక నడుస్తుంది. వంగిందంటే లారీ వస్తుంది.

"మేడం, జర జల్ది దాటియ్యుండ్రి. గుంజుతాంది."

"లారీ పోనియ్యి మరి. ఆఁ, పోయింది. ఇగ నడుస్తాంది."

మేకను ఎడమచేతిలోకి మార్చుకోబోతే అది వేళ్ల సందులోంచి జారి రోడ్డు మీద బొక్కబోర్లా పడింది. ఫైజల్ కెవ్వుమన్నాడు. అనీస్ నవ్వి, దాన్ని కుడిచేత్తో లేపి, గబగబా అవతలికి దాటించేసింది. అప్పటికే పిల్లవాడి దండ వణుకుతోంది. ఇన్నేళ్లలో ఆ మేక ఒక్కసారీ లారీ కింద పడలేదు. కండ వణకడం కనబడగానే ఆమె దాన్ని ఉరికించి ఒడ్డెక్కిస్తుంది. పిల్లలేమో తమ బలంతోనే దాటిందనుకుంటారు.

"మేడం, ఇయ్యాల మీ మాట ముద్దముద్దగ ఒస్తాంది" అన్నాడు ఫైజల్ సీసా దించుతూ.

"నెట్ బేటా. రాత్రి వాన పడ్డది కదా, టవర్ గిట్లనే చేస్తది."

ఈ పనిలో ఏం జరిగినా నిందంతా నెట్ నెత్తిన పడుతుంది, చాలాసార్లు నిజం కూడా అదే. విరిగిన కాళ్లూ చేతులతో ఉన్న పల్లెటూరి పిల్లల్ని రోజూ వరంగల్‌కు తీసుకురావాలంటే కూలి పోతుంది, బస్సు దొరకదు, దొరికినా నిలబడి రావాలి. అందుకే ఒక ట్రస్టు వాళ్లు శివనగర్‌లో మేడ మీద ఒక గది తీసుకుని, ఫోనులో కసరత్తులు చేయించడానికి అనీస్‌ను కూర్చోబెట్టారు. మొదట్లో ఆమెకు ఈ పని భయం పుట్టించింది. పిల్ల ముఖం ఉన్నట్టుండి తెర మీద ఆగిపోయేది. కళ్లు అరమోడ్పుగా, నోరు సగం తెరుచుకుని, కదలిక లేకుండా. ఆ బిగిసిన ముఖం వెనక నుంచి మాత్రం నవ్వులూ, దగ్గులూ, కోడి అరుపులూ వినబడుతూ ఉండేవి. అలాంటప్పుడు అనీస్ పెదాలు కదుపుతూ దువా చదువుకునేది. తర్వాత తర్వాత అలవాటైపోయింది. కదలని ముఖాన్ని చూసి భయపడటం మానేసింది. ఎంత పొరపాటు చేసింది!

మనిషి పొట్టి. మణికట్లు మాత్రం మగవాళ్లవంత లావు. పెద్ద దవాఖానలో ఏళ్ల తరబడి పక్షవాతం వచ్చినవాళ్ల కాళ్లూ చేతులూ లాగి, వంచి, నిలబెట్టిన చేతులవి. ఆమె చేయి పడితే నొప్పి సగం తగ్గేదని వార్డంతా చెప్పుకునేవాళ్లు. ఇప్పుడా చేతులకు పని లేదు. ముట్టుకోకుండా చేసే వైద్యం ఆమెకు మింగుడుపడలేదు. మోకాలు ఫోనులో ఉబ్బినట్టు కనబడితే, తెలియకుండానే వేలు తెర మీద పెట్టి నొక్కి చూసేది. చల్లగా, నున్నగా గాజు తగిలేది. సిగ్గుపడి చేయి తీసేసేది.

ఒకసారి బస్టాండులో ఎవరో పిల్లవాడు ముందు నడుస్తూ పోతుంటే, వాడు మడమ ఆనించే తీరును బట్టి తను నడిపించిన పిల్లవాడేనని పోల్చుకుంది. వర్ధన్నపేట బస్సెక్కేదాకా వాడి వెనకే నడిచింది. పిలవలేదు. పిలిస్తే వాడు వెనక్కి తిరిగి, ఛాతీ దాకానే తెలిసిన మేడం మొత్తం మనిషిగా నిలబడితే జడుసుకుంటాడేమోనని ఆమె భయం. ఇంటికొచ్చాక ఆ సంగతి చెప్పుకోవడానికి భర్త అహ్మద్ లేడు. మండీబజార్‌లో బట్టలు కుట్టే అహ్మద్ చాలా ఏళ్ల కిందటే పోయాడు. మేకను కొన్నది అతనే. అనీస్ కడుపుతో ఉన్నప్పుడు దర్గా ఉర్సులో ఇష్టపడి కొన్నాడు. బిడ్డ నిలవలేదు, మేక నిలిచింది. దానికి ఒక చెవి విరిగింది.

మధ్యాహ్నం డబ్బా విప్పి తింటుంటే అన్నం మెతుకులు ఎడమ పెదవి చివర నుంచి జారి ఒళ్లో పడ్డాయి. నీళ్లు తాగితే గడ్డం తడిసింది. గ్లాసు అంచు సరిగా లేదనుకుని చున్నీతో తుడుచుకుంది. ఫోను తెరలో ఒక మూలన తన బొమ్మ కూడా చిన్నగా కనబడుతుంది. ఆమె సాధారణంగా అటు చూడదు. ఆ వేళ చూసింది. నవ్వింది. మూలన ఉన్న చిన్న అనీస్ ఒక పక్కే నవ్వింది.

రెండు చేతులూ పైకెత్తింది. చిన్న అనీస్ కూడా ఎత్తింది కానీ, ఒక చేయి వెంటనే లేచింది, రెండోది ఎవరో పిలిస్తే వచ్చినట్టు ఆలస్యంగా, సగం దాకా వచ్చి ఆగింది. నవ్వండి, చేతులెత్తండి అని పెద్ద దవాఖానలో ఎంతమందిని అడిగిందో! ఇదే ముఖం ఎదుటివాళ్లకుంటే ఆమె అరిచి గోల చేసి, స్ట్రెచర్ తెప్పించి ఉండేది. తన ముఖం కాబట్టి తెరను తుడిచింది. "పాడు నెట్" అంది. ఆ మాట ఆమె చెవికే ముద్దగా వినబడింది. మనిషి తనను తాను ఎంత తేలిగ్గా మోసం చేసుకుంటుందో!

సదానందం టీ తెచ్చాడు. మేడ మెట్లూ గదులూ ఊడ్చే మనిషి అతను. ఊడుస్తూనే మేక కథలన్నీ వింటాడు. గోడకు వేలాడే బియ్యం కొట్టు క్యాలెండరు ఫ్యాను గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"దీనికో పిన్ను గుచ్చుతనంటే మీరే వద్దంటరు మేడం."

"ఉండనియ్యి. గదిలో నాకు తోడు మాట్లాడేది అదొక్కటే."

అతను ఆమె వంక చూశాడు. ఎడమ భుజం మీది చున్నీ జారి నేలకు వేలాడుతోంది, ఆమెకు తెలియడం లేదు.

"పానం బాలేనట్టుంది. ఇంటికి పోరాదుండ్రి? పోనీ కింద డాక్టర్‌కు చూపిచ్చుకోండ్రి."

"రమ్యది ఒక్కటుంది. పొల్లను రేపే దవాఖానకు తీస్కపోతరు. అది అయినంక చూపిచ్చుకుంట. ఫికర్ చెయ్యకు."

రమ్యది కేసముద్రం దగ్గరి పల్లె. పత్తి బస్తాల మీద కూర్చుని మార్కెట్‌కు పోతూ ట్రాలీ మీద నుంచి పడింది. తొడ ఎముక అతుక్కుంది గానీ మోకాలు సాపుగా ఉంచి కాలు లేపడం చేతకావడం లేదు. రేపు ఎముకల డాక్టరు చూస్తాడు. కాలు లేస్తే సరే, లేకుంటే మళ్లీ ఆపరేషన్. అనీస్ మేకను ఉరికిస్తుందని కనిపెట్టిన పిల్ల ఆ ఒక్కతే. మేక మోసం చేసి దాటితే ఒప్పుకునేది కాదు, మొదటి నుంచి నడిపించమనేది. ప్రతిసారీ నడిరోడ్డులోనే కాలు పడిపోయేది. పడిపోయిన ప్రతిసారీ కళ్లనీళ్లు పెట్టుకునేది, అయినా మళ్లీ అనేది. ఆ మొండితనమంటే అనీస్‌కు ప్రాణం.

సాయంత్రపు ఎండ కిటికీలోంచి టేబుల్ మీద పడే వేళకు ఫోను కలిసింది. అవతల రమ్య నాయనమ్మ కట్టమ్మ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి పెట్టింది. చాప మీద పడుకున్న పిల్ల సన్నటి కాలు, తొడ మీద మెరిసే పొడుగాటి మచ్చ కనబడ్డాయి.

"మేడం, ఉరికియ్యద్దు. నిదానంగనే నడువనియ్యుండ్రి" అంది రమ్య.

"ఉరికియ్య. ఒట్టు. మోకాలు బిగబట్టు. లేపు."

కాలు లేచింది. మోకాలు వంగలేదు. అనీస్ కళ్లద్దాలు సర్దుకోబోయింది, ఎడమచేయి ఒళ్లోంచి లేవనే లేదు. కుడిచేత్తో మేకను జరిపింది. "మేక వస్తాంది. ఇటు చూసింది, అటు చూసింది. రోడ్డు ఎక్కింది. నడుస్తాంది..."

నడిరోడ్డు దాకా వచ్చింది మేక. రోజూ కాలు పడిపోయే చోటు అదే. కాలు పడలేదు. తొడ కండ తాడులా బిగిసి ఉంది, వణుకు లేదు. అనీస్‌కు గొంతు దాకా సంతోషం పొంగింది. షాబాష్ బేటా అనబోయింది. తల లోపల ఎక్కడో ఏదో పుటుక్కున తెగింది. మాట రాలేదు. వేళ్లు మేక మీదే ఉన్నాయి, అవి తనవి కానట్టున్నాయి.

"ఆగిపోయింది" అంది అవతల కట్టమ్మ. "మేడం బొమ్మ ఆగిపోయిందే. ఉండు, జరసేపైతే కదులుతది."

అనీస్‌కు అంతా వినబడుతోంది. తెర మూలన చిన్న అనీస్ కనబడుతోంది. కళ్లు అరమోడ్పుగా, నోరు ఒక పక్కకు జారి, కదలకుండా. ఇలాంటి ముఖాలు ఎన్ని చూసిందో! వాటి వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ వెనక ఉన్నది తనే. ఇది నెట్ కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. అరవాలనుకుంది. ఆ ముఖంలోంచి ఏమీ రాలేదు.

"కాలు దించుకో బిడ్డా, మల్ల కలిసినంక చేద్దువు."

"మేక దాటలేదవ్వా."

పిల్ల కాలు దించలేదు. క్యాలెండరు టపటపా కొట్టుకుంటోంది. కాసేపటికి రమ్య గొంతు మళ్లీ వినబడింది, ఈసారి చాలా నెమ్మదిగా.

"అవ్వా, బొమ్మ ఆగలే. మేడం ఎన్క క్యాలెండర్ కదులుతాంది."

కట్టమ్మ ఫోను దగ్గరికి వంగింది. ఆమె ముడతల ముఖం తెరంతా నిండింది. "మరి మేడమెందుకు కదుల్తలేదే?" అంది, తనలో తాను అనుకున్నట్టు.

ఆ ముఖం పక్కకు తప్పుకుంది. కాలు ఇంకా గాలిలోనే ఉంది. మోకాలు సాపుగా ఉంది. ఆ కాలు తప్ప అనీస్‌కు ఇంకేమీ కనబడటం లేదు. రేపు ఆపరేషన్ ఉండదు అనుకుంది. భయం ఎటో పోయింది. ఒక్కసారి ఆ మోకాలిని చేత్తో పట్టుకుంటే బాగుండు అనుకుంది. ఆ తర్వాత ఏమీ అనుకోలేదు.

టీ గ్లాసు కోసం సదానందం వచ్చేసరికి ఫోనులోంచి మాట వస్తోంది. "మేడం, మేక దాటిందా? దించాల్నా?" పిల్ల గొంతు అలసిపోయి ఉంది. అతను ముందు అనీస్ భుజం మీద చున్నీ సర్ది, తర్వాత ఆమె ముఖం చూశాడు. ముక్కు దగ్గర చేయి పెట్టి చూశాడు. వేళ్లకు ఊపిరి తగల్లేదు.

"మేడం?" అంది ఫోను.

"దించు బిడ్డా" అన్నాడు సదానందం. "దాటింది."

మర్నాడు దవాఖానలో రమ్య కాలు లేపింది. డాక్టరు సంతోషించి చాలమ్మా, దించు అన్నాడు. పిల్ల దించలేదు. బల్ల మీద పడుకుని, ఎదురుగా ఎవరూ లేని గోడ వైపు చూస్తూ, కాలు అలాగే పట్టి ఉంచింది. నర్సు వచ్చి పట్టుకుని దించాల్సి వచ్చింది.

శివనగర్ గదిలోంచి ఫోనూ, డబ్బా, కళ్లద్దాలూ అనీస్ చెల్లెలు వచ్చి తీసుకుపోయింది. సదానందం రోజూ ఊడుస్తాడు, టేబుల్ అంచులు తుడుస్తాడు, నల్ల రెగ్జిన్ జోలికి మాత్రం పోడు. దాని మీద నడిమధ్యలో, విరిగిన చెవితో, అవతలి పక్కకు ముఖం పెట్టి చెక్క మేక నిలబడి ఉంది.