ఈయచెంబు చారు

తన ఇంటి చారు వాసనకు కృష్ణగిరి బస్సు నడిబజారులో నిలబడిపోయిందని హోసూరు బట్టల అంగడి ద్వారకనాథ్ కనబడినవాళ్లందరికీ చెప్పేవాడు. బస్సు నిలబడిన మాట నిజమే. టైరు పంచరైంది.

ఆ చారు గొప్పంతా చెంబుదంట. ఈయచెంబు, అంటే అచ్చమైన తగరంతో పోత పోసిన చెంబు. అందులో చారు కాస్తే ఆ కమ్మదనమే వేరని మా పక్క తమిళులూ తెలుగువాళ్లూ ఒక్కమాటగా ఒప్పుకునేది ఈ ఒక్క సంగతిలోనే. "పాత్రలకు పేరుబోయిన కుంబకోణం పోయి, దగ్గర కూర్చోని పోయించుకోని వచ్చినాను. ధర్మపురి జిల్లాలో ఇట్లాంటిది ఇంకోటి ఉంటే మీసం తీసేస్తాను" అనేవాడు ద్వారకనాథ్. అతనికి మీసం లేదు కాబట్టి ఎవరూ పందెం కట్టలేదు.

ఇది 1979 నాటి మాట. ఆ ఇంట్లో పొద్దున కాచిన చారు సాయంత్రందాకా ఆ చెంబులోనే ఉండేది. ముందు ద్వారకనాథ్ తింటాడు. తర్వాత అంగడి మనుషులు, వచ్చిన చుట్టాలు, ఆ తర్వాత అతని తల్లి వాసవాంబ. అందరూ చేతులు కడిగినాక ద్వారకనాథ్ భార్య కోమల కూర్చుంటుంది. అప్పటికి కూర ఉండదు. చారు ఉంటుంది, చెంబు అడుగున, పొద్దున నుంచీ నాని నాని చిక్కబడి. అన్నంలో కలుపుకొని, మిగిలింది లోటాలో పోసుకొని తాగేది కోమల. చదివేవాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు. మీ ఇంట్లోనూ అంతే కదా.

కోమలకు కడుపులో పేగులు పట్టి పిండినట్టు నొప్పి మొదలైంది. ఒళ్లు పాలిపోయింది. నిద్ర పట్టేది కాదు. మణికట్టులో సత్తువ లేక చేతిలో లోటా దానంతట అదే జారిపోయేది. ఆ ఏడే మూడో నెల కడుపు కూడా పోయింది.

వాసవాంబ చెడ్డ అత్త కాదు. కోడలు నొప్పితో ముడుచుకున్నప్పుడల్లా పక్కన కూర్చోని, "కడుపునొప్పికి మిరియాల చారు కన్నా మందు యాడుందమ్మా? ఇంకో లోటా తాగు" అని తన చేత్తోనే పట్టించేది.

హోసూరు డాక్టరు జనార్ధనరావు నాడి పట్టుకున్నంతసేపూ వాచీ చూసుకున్నాడు. వాచీ కొత్తది. "పుట్టింటికి పోతే ఎట్లుంటుందమ్మా?" అని అడిగినాడు.

"సూళగిరిలో మా అమ్మ దగ్గర పది దినాలుంటే బాగైపోతుంది సార్. ఈడికొస్తే మళ్లీ మొదలు."

డాక్టరు నవ్వినాడు. కోమలను బయట కూర్చోబెట్టి, తలుపు తెరిచి పెట్టుకొనే ద్వారకనాథ్‌కు చెప్పినాడు. "హిస్టీరియా. అత్తగారిల్లు పడటం లేదు, అంతే. కొన్నాళ్లు చారన్నం తప్ప ఏమీ పెట్టకండి. తగ్గకపోతే బెంగుళూరు తీసుకపోయి తలకు కరెంటు పెట్టించండి."

ఇంకేముంది, వీధంతా డాక్టర్లైపోయినారు. "పుట్టింటి బస్సెక్కితే తగ్గే రోగమంటమ్మా" అని కొళాయి దగ్గర బిందెలు కూడా నవ్వినాయి. కోమల చారన్నమే తిన్నది. నొప్పి పెరిగింది. బెంగుళూరు పోవడానికి ద్వారకనాథ్ దినం కుదిర్చినాడు.

"కరెంటు పెట్టించుకుంటాను," అనింది కోమల. "దానికి ముందు ఇంకో డాక్టరుకు చూపించండి. ఒక్కరికే. వాళ్లు కూడా నటన అంటే నేను నోరెత్తను."

"ఒక డాక్టరు చెప్పినాక ఇంకొకరి దగ్గరికి పోతే జనార్ధనరావు ఏమనుకుంటాడు?"

"ఆయనకు కడుపునొప్పి వచ్చి ఎవరినైనా అడిగితే నేనేమీ అనుకోను."

కృష్ణగిరిలో లేడీ డాక్టరు మనోరమ దగ్గరికి పోయినారు. కోమల చెప్పడం మొదలుపెట్టగానే ద్వారకనాథ్ అందుకున్నాడు. "పుట్టింట్లో బాగుంటుందమ్మా. ఇది నటన అనడానికి అదే రుజువు."

"రుజువే," అనింది డాక్టరమ్మ. "దేనికి రుజువో చూద్దాం. నువ్వు చెప్పమ్మా, ఆడ తినకుండా ఈడ తినేది ఏముంది?"

ఇన్నాళ్లలో ఆ మాట అడిగినవాళ్లు ఎవరూ లేరు. కోమల రెండిళ్ల వంటలూ వేళ్లమీద లెక్కపెట్టింది. "తినేది అంతా ఒకటేనమ్మా. చారే ఎక్కువ. మా అమ్మ మట్టికుండలో కాస్తుంది. ఈడ ఈయచెంబులో."

డాక్టరమ్మ కోమల కింది పెదవి వంచి చూసింది. చిగుళ్ల అంచు వెంబడి సన్నగా ఒక నల్లటి గీత ఉంది. రక్తం తీసి బెంగుళూరికి పంపి, "వారం తర్వాత ఆ చెంబు తీసుకోని రండి. అంతదాకా దాని ముఖం చూడొద్దండి" అనింది.

ద్వారకనాథ్ చెంబును చింతపండుతో తోమి, పెళ్లికొడుకును ఊరేగించినట్టు ఒళ్లో పెట్టుకొని బస్సులో తెచ్చినాడు. పక్కసీటు ఆయనకు కుంబకోణం కథ చెప్పినాడు. ఆయన సూళగిరిలో దిగాల్సినవాడు, కథ పూర్తికాక కృష్ణగిరిదాకా వచ్చేసినాడు.

డాక్టరమ్మ చెంబును తీసుకొని, దాని అంచుతో తెల్లకాగితం మీద ఒక్క గీత గీసింది. పెన్సిలుతో గీసినట్టు నల్లగా పడింది. కోమల చూసింది. తెలియకుండానే నాలుక చిగుళ్లమీదికి పోయింది.

"తగరం ఇట్ల రాయదు," అనింది డాక్టరమ్మ. "ఇందులో సీసం కలిసింది, అది విషం. పులుపు తగిలితే సీసం దిగుతుంది. ఎంతసేపు నానితే అంత దిగుతుంది. ముందు తిన్నవాళ్లకు కొంచెం, కడాన తిన్న మనిషికి మొత్తం. రక్తంలో కూడా అదే వచ్చింది, చిగుళ్ల మీది నల్లగీత కూడా దానిదే. కడుపు పోయింది కూడా దీనివల్లే కావచ్చు."

కోమల చెంబువైపు చూసింది. నొప్పి వచ్చిన ప్రతిసారీ అత్త పట్టించిన లోటా, హోసూరు డాక్టరు పెట్టమన్న చారన్నం, అన్నీ ఆ చెంబులోవే.

ద్వారకనాథ్ గొంతు లేచింది. "కుంబకోణం వాళ్లను వదలను. రేపే పోతాను."

"మంచిదప్పా. అంగడి పేరు చెప్పండి, నేను కూడా రాస్తాను. ఆడ కొన్నవాళ్లందరికీ తెలియాలి."

ద్వారకనాథ్ బల్ల మీది చెంబును కొంచెం అవతలికి తోసినాడు. దాన్ని అతను దూరం పెట్టడం అదే మొదటిసారి.

"కుంబకోణం నేను చూడనే లేదమ్మా," అన్నాడు చివరికి. "ఈ కృష్ణగిరి సంతలోనే, గోనెపట్ట మీద పెట్టుకోని అమ్ముతుంటే తెచ్చినాను. గొప్పగా ఉంటుందని అట్ల చెప్పినాను."

"ఒకటే తెచ్చినారా?"

అతను తల ఎత్తలేదు. "వీధిలో ఆశపడితే పక్కింటి నాంచారమ్మకు కూడా ఒకటి తెచ్చిచ్చినాను. కుంబకోణందే అని."

కోమల లేచి నిలబడింది. నాంచారమ్మ మనవరాలికి ఈ మధ్యనే అన్నం ముట్టించినారు. మెత్తగా చారులో పిసికి పెడుతున్నారు.

"లేయండి. బస్సుంది."

డాక్టరమ్మ గుమ్మందాకా వచ్చింది. "మందు, ఇంజక్షన్లు నేను చూసుకుంటాను, బాగవుతుంది. మీరు ఒకటి గుర్తుపెట్టుకోండప్పా. ఆడ బాగుంటాను, ఈడ బాగుండను అని ఈమె మొదటి దినమే చెప్పింది. మీరంతా కలిసి ఆ మాటనే నటనకు రుజువు చేసినారు. నొప్పి ఎందుకో తెలియకపోతే తెలియలేదని చెప్పాల, లేని నొప్పి అనకూడదు. ఇంకో డాక్టరును అడగడం తప్పు కాదు."

హోసూరులో బస్సు దిగి ద్వారకనాథ్ ఇంటికి పోలేదు. వెనకాలే కోమల ఉంది కాబట్టి పోయే వీలు కూడా లేదు. నాంచారమ్మ వాకిట్లో నిలబడినాడు. లోపల పాప ఏడుపు, చెంబు మీద గరిటె చప్పుడు.

"ఏమప్పా, ఇంకో కుంబకోణం కథ తెచ్చినావా?" అనింది నాంచారమ్మ.

"లేదమ్మా. నేను చెప్పింది అబద్ధం. అది సంతలో కొన్నది, అందులో సీసం ఉంది. నా భార్య చెప్పింది నిజం. చెంబు బయట పెట్టండి. పాపకు ఆ అన్నం పెట్టొద్దండి."

అతను చెప్పిన మాటను ఆ వీధి నవ్వకుండా నమ్మింది ఆ ఒక్కసారే. ఆ దినం నుంచి ఆ ఇంట్లో కోమల అందరితోపాటే కూర్చోని తిన్నది. చదివేవాళ్లకు నేను చెప్పేది కూడా ఇంతే: మీ ఇంట్లో అందరికన్నా కడాన తినే మనిషి నొప్పి అంటే, అందరికన్నా ముందు ఆ మాట నమ్మండి.