మాటల్లో పెట్టి కొలవాలి

అత్తయ్య కింద పడిందని వడ్రంగి కబురు పెడితే ఎవరైనా పళ్లు తెస్తారు, లేదంటే ఉత్త చేతులతో వస్తారు. సంతకం మాత్రం కాగితాలు పట్టుకొచ్చాడు. వడ్రంగికి సొంత అన్నయ్యే గానీ, వీధిలో అందరికీ ఆయన సంతకమే. ఎవరింట్లో కష్టం వచ్చినా జేబులో పెన్నుతో ముందు వాలేది ఆయనే. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు పెద్దలు.

ఆ ఇల్లు వాళ్ల నాన్నది. పోతూ పోతూ ఇద్దరు కొడుకుల పేరా రాశాడు. తన అక్క బతికినంతకాలం అందులోనే ఉండాలన్నది మాత్రం నోటిమాటగా చెప్పి కన్నుమూశాడు. మంచివాళ్లు చేసే తప్పు ఎప్పుడూ అదే.

అత్తయ్యకిప్పుడు ఎనభై రెండు. యాభై ఏళ్లు ఆ ముందుగదిలో కుట్టుమిషను తొక్కింది. ఏడో తరగతిలో బడి మానేసిన వడ్రంగికి సుత్తీ ఉలీ తర్వాత చేతికొచ్చాయి. ముందు టేపు పట్టడం నేర్పింది ఆవిడే. కొలుస్తున్నామని తెలిస్తే చాలు, మనుషులు ఊపిరి బిగబట్టి నిక్కి నిలబడతారనీ, అందుకే మాటల్లో పెట్టి కొలవాలనీ వందసార్లు చెప్పి ఉంటుంది.

ఒంటరిగానే ఉంటాను, నా పొయ్యి నేనే వెలిగించుకుంటాను అని ఆవిడ పట్టుబట్టినప్పుడు అతనే వెనకేసుకొచ్చాడు. మంచం దగ్గర్నుంచి స్నానాలగది దాకా గోడ వెంబడి టేకు రెయిలింగు బిగించాడు. బిగించే ముందు, "నిలబడత్తా, కొలుస్తా," అన్నాడు. నిలబడింది. నేల నుంచి చెయ్యి దాకా ముప్పై మూడు అంగుళాలు. అతనికి తట్టలేదు, ఆవిడకీ తట్టలేదు. అన్నేళ్లు లోకాన్నంతా కొలిచిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఫొటోకి నిలబడ్డట్టు నడుం నిటారు చేసుకుంది.

నిజానికి ఆవిడ వంగి నడుస్తుంది. నెల తిరక్కుండానే, స్నానం చేసి వస్తూ ఆ కర్ర కోసం చెయ్యెత్తింది. తడిచెయ్యి జారింది. మణికట్టు విరిగింది.

సంతకం మంచం పక్కన కూర్చుని చాలా మెత్తగా మాట్లాడాడు. తన ఇంటి వెనక గది ఖాళీగా ఉందన్నాడు, ఇల్లు అమ్మేస్తే అందరికీ సుఖమన్నాడు. తమ్ముడు నోరు తెరవబోతే, "ఆవిణ్ణి పడేసింది నీ కర్రే కదరా," అన్నాడు. నిజమే.

జవాబు అత్తయ్య చెప్పింది, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని.

"పడ్డాన్రా, పోలేదు. పడ్డవాళ్లని లేపుతారు గానీ మూట కట్టరు."

సంతకం నవ్వి, తమ్ముణ్ణి మెట్ల మీదకి పిలిచాడు. తమ్ముడు దుకాణం నడుపుకుంటున్న నాన్న షెడ్డు స్థలంలో రోడ్డు వైపు తమ్ముడి వాటా తనకి రాసిస్తే, అత్తయ్య ఉన్నంతకాలం ఇంట్లో తన వాటా అమ్మనని తానూ రాసిస్తానన్నాడు. కాగితం అప్పటికే టైపు చేయించి ఉంది. అంటే పరామర్శకి బయల్దేరకముందే బేరం తయారన్నమాట.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని వడ్రంగి భార్య ఒక్క మాట అంది. మూడోరోజు వడ్రంగి సంతకం పెట్టాడు.

ఆరు వారాలకి కట్టు విప్పారు. ఆ రోజు అతను ముందుగా టేపు జేబులోంచి తియ్యలేదు. చొక్కా బిగుతైందని గొడవకొచ్చిన ఆ లావుపాటి పోస్టుమాను కథేంటత్తా అని అడిగాడు. ఆవిడకి హుషారొచ్చింది. గుండీలు ఒక్కొక్కటే టపటపా ఊడటం చెప్పుకుంటూ లేచి, గోడ పట్టుకుని స్నానాలగది వైపు నడిచింది. అతను వెనకాలే మోకాళ్ల మీద జరుగుతూ, ఆవిడ చెయ్యి ఆనిన ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టి, చివర్లో చప్పుడు కాకుండా టేపు ఆనించాడు.

గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరగలేదు.

"కొలిచావా?"

"ఆఁ."

"ఎంత?"

"ఇరవై తొమ్మిది."

"నాలుగంగుళాలు తగ్గిపోయానన్నమాట."

"నువ్వు తగ్గలేదత్తా. నేనే ఎక్కువ వేశా."

"పోన్లేరా. ఎక్కువైతే మడిచి కుట్టొచ్చు. తక్కువైతేనే ఏడుపు."

కర్ర కిందకి దించి బిగించాడు. పాత బెజ్జాలు పూడ్చబోతే ఆవిడ వద్దంది, ఉండనీ అంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్లొస్తోంది. పొయ్యి తనే వెలిగించుకుంటోంది.

వడ్రంగి పనిబల్ల మాత్రం వెనక సందులోకి మారింది. ముందువైపు షట్టరు వేసి, సంతకం టైర్ల కొట్టుకి అద్దెకిచ్చాడు. దుకాణం ఎత్తేశావా అని పాత గిరాకీలు అడుగుతుంటారు. అతను రంపం ఆపకుండానే చెబుతాడు, ఎత్తెయ్యలేదు, పోయింది అని. ఎంత పోయిందంటే అదీ చెబుతాడు. రోడ్డు వైపు, ముప్పై రెండున్నర గజాలు.