మూడో మలుపు దగ్గర కంకర

ఫక్రున్నీసా తయారు చేసిన, పట్టాలు తుడిచే సఫాయి బండి మొదటిసారి తిరిగిన ఆదివారం, తిరుపతిలో మునిప్రసాద్ గారి మేడ మీద పదకొండు మంది చేరారు. మేడ మీది హాలంతా ఒకే బల్ల. దాని మీద జానెడు స్టేషన్లు, అగ్గిపెట్టెంత బోగీలు, రెండు వేళ్ల వెడల్పు కూడా లేని పట్టాలు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మునిప్రసాద్ పద్నాలుగేళ్లుగా దీన్ని పెంచుతూ వచ్చాడు. చిన్న రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు ఆయన చుట్టూ చేరి సంఘమయ్యారు.

ఈ చిన్న ఇంజన్లకు కరెంటు పట్టాల నుంచే చక్రాల్లోకి ఎక్కాలి. పట్టా మీద సన్నటి దుమ్ము పొర పేరుకున్నా బండి ఆగిపోతుంది. అందుకని ప్రతి శనివారం రాజారత్నం పాకాల నుంచి వచ్చి, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో ఆ పట్టాలన్నీ తుడిచేవాడు. ఆయన రైల్వేలో ముప్పై నాలుగేళ్లు కీమేన్‌గా చేశాడు. భుజాన సుత్తి వేసుకుని రోజూ పట్టాల వెంట నడిచి, వదులైన చోటల్లా బిగించుకుంటూ పోవడం ఆయన ఉద్యోగం. ఇక్కడ ఆయనను ఎవరూ పనికి పెట్టలేదు. బల్ల చూసి ఇష్టపడి వస్తున్నాడు. హాలు తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది.

ఫక్రున్నీసాదీ పాకాలే. తండ్రి నాయబ్ రసూల్‌కి బజారులో గడియారాల కొట్టుంది. గడియారాలు బాగు చేయించుకునేవాళ్లు తగ్గాక, ఎలక్ట్రానిక్స్ చదివిన ఆమె ఆ కొట్టులోనే మిక్సీ బోర్డులు, ఫోన్లు బాగు చేయడం మొదలుపెట్టింది. ఒకసారి మునిప్రసాద్ పాడైన చిన్న ఇంజను పట్టుకొచ్చాడు. దాన్ని బాగు చేస్తూ చేస్తూ ఆమెకు ఈ బండి ఆలోచన వచ్చింది. ముందు ఇంజను, దాని నెత్తిన చిన్న కెమెరా. వెనక స్పిరిట్ చుక్కలు వదిలే ట్యాంకు. ఆ వెనక పట్టాను రుద్దే మెత్తని దిండు. చివర్న దుమ్ము పీల్చే పెట్టె. టైం పెట్టి వదిలేస్తే వారానికి రెండుసార్లు దానంతట అదే తిరిగి వస్తుంది.

ఆ రోజు బండి తిరిగొచ్చాక మునిప్రసాద్ పట్టా మీద తెల్ల కాగితం రుద్ది చూశాడు. మరక అంటలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మూలన స్టూలు మీద కూర్చున్న రాజారత్నం మాత్రం చేతులు కట్టుకుని బండినే చూస్తున్నాడు. ఆ చూపు ఫక్రున్నీసాకు నచ్చలేదు. తన పని పోతుందని బాధపడుతున్నాడేమో అనుకుంది.

మూడు వారాలు బాగానే గడిచాయి. నాలుగో ఆదివారం మూడో మలుపు దగ్గర ఒక గూడ్సు పట్టా తప్పింది. ఆ పై ఆదివారం అదే చోట సంఘంలోని పెంచలయ్య ఇంజను తప్పి, బల్ల అంచు దాటి నేల మీద పడింది. అది ఆయన ఎనిమిది నెలలు కూర్చుని ఇత్తడితో చేసుకున్న ఆవిరి ఇంజను. పొగగొట్టం విరిగింది, ముందు చక్రాలు వంకర పోయాయి. పెంచలయ్య దాన్ని రుమాలులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

ఫక్రున్నీసా సఫాయి బండి చివరి పెట్టె విప్పింది. దుమ్ముతోపాటు చెంచాడు కంకర రాలింది. పట్టాల కింద జిగురు పెట్టి అతికించిన ఆవగింజలంత రాళ్లు. కొన్నింటికి ఇంకా తెల్లటి జిగురు పెచ్చులు అంటుకుని ఉన్నాయి.

"పద్నాలుగేళ్లు ఊడని కంకర ఇప్పుడెట్లా ఊడతాది?" అన్నాడు పెంచలయ్య. "ఎవరో గోకినారు."

మునిప్రసాద్ మూలనున్న స్టూలు వైపు చూశాడు. రాజారత్నం అప్పుడే నీళ్లు తాగడానికి కిందికి వెళ్లాడు.

"తాళం ఆయన కాడే గదా ఉండేది," అన్నాడు ఇంకొకాయన, గొంతు తగ్గించి. "ఈ బండి వచ్చినప్పట్నుంచి మనిషి ఒక మాదిరిగా ఉండాడు."

ఆ మాట ఫక్రున్నీసాతోపాటే ఇంటికి వచ్చింది. నిజానికి ఆమెను పీకుతున్నది ఇంకోటి ఉంది. చెన్నైలో ఒక సంఘానికి, బెంగళూరులో ఇంకో సంఘానికి ఇవే బండ్లు పంపి పది రోజులైంది. తప్పు బండిదైతే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా దాన్ని పక్కకు నెట్టింది. ఫోన్ తీసి, సఫాయి బండి కెమెరా శనివారం తీసిన వీడియో పెట్టింది.

బండి స్టేషన్ దాటింది, వంతెన ఎక్కింది. మూడో మలుపు దగ్గర ఒక పెద్ద బొటనవేలు అడ్డొచ్చింది. ఆ వేలు పట్టాను నొక్కింది, వదిలింది, మళ్లీ నొక్కింది. తరువాత రాజారత్నం ముఖం కిందికి వంగింది. చెవి పట్టాకు ఆనించి ఏదో వింటున్నాడు. గోరుతో ఒక రాయి కదిపాడు. ఆమె దాన్ని ఏడుసార్లు చూసింది. చూసిన కొద్దీ ఆ వేలు దొంగ వేలులాగే కనిపించింది.

వీడియో చూపించమని ఆమెనెవరూ అడగలేదు. అయినా మరుసటి ఆదివారం అందరూ చేరీ చేరకముందే తనే తీసి మునిప్రసాద్ చేతిలో పెట్టింది.

"రాజారత్నం, శనివారం ఆ మలుపు కాడ ఏం చేస్తా ఉంటివి?" అని అడిగాడు మునిప్రసాద్.

"చెయ్యి పెట్టి సూసినా సార్. ఆడ పట్టా కింద బోలుగా ఉండాది. అంతకుముందు వారమే మీకు చెప్పినా గదా."

"నాకా? ఎప్పుడు చెప్పినావు?"

రాజారత్నం బదులు ఇవ్వబోయి ఆగాడు. ఫోన్‌లో తన వేలు కదులుతూ కనిపించింది. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. చివరికి ఫక్రున్నీసా వైపు చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి బల్ల అంచున పెట్టి మెట్లు దిగిపోయాడు. ఎవరూ ఆపలేదు.

ఆ సాయంత్రం తిరుపతి స్టేషన్‌లో ఆయన ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఎక్కాల్సింది ఒకే రైలు. ఫక్రున్నీసా నాలుగు బోగీలు వెనక్కి నడిచి వేరే దాంట్లో ఎక్కింది.

రెండు వారాలు హాలు తాళంచెవి మునిప్రసాద్ బీరువాలోనే ఉంది. అయినా మూడో మలుపు దగ్గర మళ్లీ ఒక గూడ్సు పట్టా తప్పింది. పెట్టె విప్పితే మళ్లీ కంకర, ఈసారి ఇంకాస్త ఎక్కువ.

"డూప్లికేట్ చేయించుకోని ఉంటాడు," అన్నాడు మునిప్రసాద్. "మా వీధి గేటుకు తాళం ఉండదు గదా."

అనడమైతే అన్నాడు గాని ఆ మాట మీద ఆయనకే గట్టి నమ్మకం ఉన్నట్టు లేదు. ఫక్రున్నీసాకు అసలే లేదు. ఆ రెండు వారాల వీడియోలన్నీ కొట్టులో కూర్చుని వరసగా చూసింది. హాల్లోకి ఎవరూ వచ్చిన జాడ లేదు. సఫాయి బండి ఒక్కటే తిరిగేది. మూడో మలుపు దగ్గర నాలుగు నిమిషాలు నిలబడేది, పీల్చే మోటారు చల్లారాక కదిలేది. అక్కడ ఆగేలా పెట్టింది తనే. ఇందులో తప్పేముందో ఆమెకు అందలేదు. కాని అనుమానించడానికి ఇక మనిషంటూ మిగల్లేదు.

మరుసటి రోజు పొద్దున రాజారత్నం ఇంటికి వెళ్లింది. ఆయన భార్య సంతోషమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చేట ఆపకుండానే అడిగింది.

"ఏమ్మా, ఇంకా ఏదన్నా వీడియో ఉండాదా?"

లోపలి నుంచి రాజారత్నం వచ్చి కుర్చీ లాగి వేశాడు. తను గడప మీద కూర్చున్నాడు.

"మామా, ఇంకా బండ్లు పట్టా తప్పతానే ఉండాయి. హాల్లోకి ఎవరూ పోలేదు. ఆ పొద్దు నువ్వు ఏం సూసినావో చెప్పు."

"ఆ పొద్దు అడగలేదు గదమ్మా."

"అడగలేదు. తప్పే."

ఆయన చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టున్నాడు. ఈమె తన మీద ఇంకేదో మోపడానికి వచ్చిందేమోనన్న అనుమానం ఆయన కళ్లలో ఉంది. చివరికి చెప్పాడు.

"వేలు పెట్టి నొక్కితే పట్టా కిందికి పోయి పైకొస్తా ఉండాది. కింద కంకర పట్టు వదిలేసింది. పెద్ద రైలుకైనా అంతే. పట్టా ఒకే చోట మళ్లీ మళ్లీ దిగతా ఉంటే మేము మొదట నీళ్లు ఎతుకుతాం. యాడో ఒక చోట నీళ్లు నిలస్తా ఉంటాయి."

"బల్ల మీద నీళ్లు యాడివి మామా?"

అడిగాక ఆమెకే తట్టింది. నీళ్లు లేవు. కాని బండి నిలబడే ఆ నాలుగు నిమిషాలూ ట్యాంకు నుంచి చుక్కలు పడటం ఆగదు. అది ఆపే ఏర్పాటు ఆమె పెట్టలేదు.

ఆమె కుర్చీలోంచి లేచింది.

ఫక్రున్నీసా కొట్టుకు వచ్చి ఒక చెక్క ముక్క మీద పట్టా పరిచి, మునిప్రసాద్ వాడే తెల్ల జిగురుతోనే కంకర అతికించింది. రెండు రోజులు ఎండనిచ్చి, ట్యాంకు తెచ్చి పైన నిలిపింది. చుక్క, మళ్లీ చుక్క. మధ్యాహ్నానికి గోరు తగిలిస్తే చాలు, రాళ్లు ఊడి వచ్చాయి. వాటికి అవే తెల్ల పెచ్చులు. స్పిరిట్‌కి ఆ జిగురు మెత్తబడుతోంది. మెత్తబడిన రాళ్లను వెనకాల వచ్చే పెట్టె పీల్చేస్తోంది. ఎవరూ ఏమీ గోకలేదు.

నాయబ్ రసూల్ కంటికున్న భూతద్దం పైకెత్తి ఆ చెక్క వైపు చూశాడు.

"ఇప్పుడు ఏం చేస్తావు?"

"ట్యాంకుకు మూత పెడితే సరిపోతాది. చక్రం తిరిగినప్పుడే చుక్క పడేటట్టు. రెండు రోజుల పని." రాలిన రాళ్లు పక్కకు తోస్తూ అంది, "మూత పెట్టేస్తే ఎవరికీ తెలీదు కూడా."

"అవును, తెలీదు," అన్నాడు తండ్రి. మళ్లీ భూతద్దం దించుకుని గడియారం మీదికి వంగాడు.

ఆ సాయంత్రమే ఆమె చెన్నైకి, బెంగళూరుకి ఫోన్ చేసి బండ్లు వాడకండని చెప్పింది. చెన్నై ఆయన గట్టిగానే మాట్లాడాడు. బెంగళూరువాళ్లు వెనక్కి పంపుతామన్నారు. ఆదివారం ఆ చెక్క ముక్కను సంచిలో పెట్టుకుని తిరుపతి వెళ్లింది. అందరి ముందూ బల్ల మీద పెట్టి, గోరుతో రాళ్లు ఊడదీసి చూపించింది.

"తప్పు నా బండిది. పెంచలయ్య సార్, మీ ఇంజను పడింది దీని వల్లే. నేనే బాగు చేసి ఇస్తాను."

పెంచలయ్య ముఖం ఎర్రబడింది. మునిప్రసాద్ ఆ రాళ్లను వేలితో కదిపి చూశాడు.

"చిన్న విషయమే గదా. ట్యాంకు మార్చేస్తే సరి. రాజారత్నానికి నేను ఫోన్ చేస్తాలే."

"ఆయన మీకు ముందే చెప్పినాడంట సార్. బోలుగా ఉండాదని."

మునిప్రసాద్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చెప్పినాడు," అన్నాడు చివరికి. "ఆ పొద్దు నేను పట్టించుకోలేదు. వీడియో చూసినాక, చెప్పలేదనే అనిపించింది నాకు."

ఫోన్ చేస్తే రాజారత్నం ఎత్తలేదు. బుధవారం మునిప్రసాదే పాకాల వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో ఫక్రున్నీసాకు తెలియదు. శనివారం పొద్దున మాత్రం రాజారత్నం హాలుకు వచ్చాడని కబురు అందితే వెళ్లింది.

ఆయన మూడో మలుపు దగ్గర పాత జిగురంతా గీకి, కొత్త కంకర పోస్తున్నాడు. పక్కనే కుర్చీలో మునిప్రసాద్ కూర్చుని ఉన్నాడు. టీ తెస్తానని లేవబోయాడు.

"మీరు ఈడనే కూసోండి సార్," అన్నాడు రాజారత్నం తల ఎత్తకుండా. "నేను ఏం చేస్తా ఉండానో సూస్తా ఉండండి."

మునిప్రసాద్ కూర్చున్నాడు. మూడు గంటలు కదల్లేదు.

జిగురు ఎండాలంటే మళ్లీ వారం కావాలి. ఆ పై శనివారం రాజారత్నం వచ్చి పట్టా మీద బొటనవేలు పెట్టి, మలుపు పొడవునా నొక్కుకుంటూ వెళ్లాడు. ఎక్కడా కదల్లేదు. ఒక గూడ్సు నడపమన్నాడు. అది మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి తిరగక ముందే చెప్పులు వేసుకున్నాడు.

మెట్ల దగ్గర ఫక్రున్నీసా ఎదురు వెళ్లింది.

"మామా, ఆ వీడియో నేనే చూపించినా. ఎవరూ అడగలేదు. తప్పు నా బండి మీదికి రాకూడదని చూపించినా."

"తెలుసమ్మా."

"నన్ను తిట్టు."

"తిడితే నీకు తేలికైతాది," అన్నాడు ఆయన. "అడిగింటే చెప్పేవాణ్ని. అదే నాకు కష్టంగా ఉండాది. ముప్పై నాలుగేళ్లు పట్టాల మీద నడిచినవాణ్ని, పట్టా ఊడదీస్తానని అనుకుంటిరి."

ఆమె తల దించుకుంది. ఆయన దిగి వెళ్లిపోయాడు. తరువాత ఆ మేడ ఎక్కలేదు.

నెల తరువాత కొత్త ట్యాంకు సిద్ధమైంది. ఫక్రున్నీసా దాన్ని ఎవరికీ పంపలేదు. కొట్టులో చెక్క బల్ల మీద గుండ్రంగా పట్టా పరిచి, పగలంతా తిప్పుతూ ఉంది. ఒక మధ్యాహ్నం రాజారత్నం ఆగిన గోడ గడియారం చంకన పెట్టుకుని వచ్చాడు. నాయబ్ రసూల్ దాన్ని విప్పుతుంటే, ఆయన కళ్లు ఆ బండి మీదికి వెళ్లాయి. అది ఆగినప్పుడల్లా వంగి ట్యాంకు కిందికి చూశాడు. చుక్క పడలేదు. అయినా వేలు పెట్టి తడి ఉందేమోనని తడిమాడు.

"ఎన్నాళ్ల నుంచి తిరగతా ఉండాది ఇది?"

"పదకొండు రోజులు, మామా."

"రెండు నెలలు తిరగనీ," అన్నాడు. "అప్పుడొచ్చి సూస్తా."