సోడియం ఎలక్ట్రాన్ వాపస్ వస్తదా

“నువ్వు పోతే నా బీడీ కార్డు బంద్ అయితది” అంది అత్తమ్మ విమలమ్మ, తడిపిన తునికాకు కట్ట నా ముందుకు తోస్తూ. లింగంపేటలో ఇదేమీ వింత కాదు. కార్డు అత్త పేరున ఉంటుంది, బీడీలు కోడలు చుడుతుంది. పీఎఫ్ ఆమెకు, మెడనొప్పి నాకు. పొద్దంతా ఎల్లారెడ్డి ప్రైవేటు బడిలో పదో తరగతికి రసాయనశాస్త్రం చెప్పి, ఇంటికొచ్చి బీడీల చాట ముందు కూర్చుంటాను. బీఎడ్ చదివిన వేళ్లని ఖార్ఖానా వాళ్లేమైనా ఎక్కువిస్తారా!

తాడ్వాయి దగ్గర ఆడపిల్లల గురుకులంలో నాకు సర్కారు కొలువు వచ్చింది. అక్కడే ఉండాలి. చేరడానికి రేపే ఆఖరు. నా భర్త యేసుబాబు అన్నం కలుపుతూనే తేల్చేశాడు.

“నాట్ విల్లింగ్ అని రాసిచ్చి రా. నువ్వు ఆడుంటే ఇల్లెవరు చూస్తరు? అవ్వకు చేతనైతలేదాయె. నువ్వు సమజ్ చేసుకుంటవ్‌లే.”

సరేనన్నాను. కోపం రావాలి కదా, రాలేదు. ఏడుపూ రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. పెళ్లయిన కొత్తలో బీఎడ్ చదువుతానని అన్నం మానేసి మరీ పోట్లాడాను. ఆ పిల్ల ఎవరో, ఏమైపోయిందో, నాకైతే జాడ తెలియదు.

తెల్లారి బడిలో బోర్డు మీద సోడియం గీసి ఏటా చెప్పేదే చెప్పాను. బయటి కక్ష్యలో ఉన్న ఒక్క ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది, అయాన్ అవుతుంది, ఉప్పులో కుదురుకుంటుంది. కార్బన్ అలా ఇచ్చెయ్యదు, పంచుకుంటుంది. ముందు బెంచీలో ముబష్షిరా చెయ్యెత్తింది.

“ఇచ్చేసినంక సోడియం ఖుష్ ఉంటదా మేడమ్?”

“ఖుష్ ఏంది, స్థిరంగ ఉంటది.”

“మల్ల దాని ఎలక్ట్రాన్ దానికి వాపస్ రాదా?”

“వస్తది. ఉప్పును కరిగేదాక కాగబెట్టి కరెంటు పంపాలె.”

“ఉత్తగ నీళ్లల్ల కలిపితే?”

“రాదు. నీళ్లల్ల అయాన్ అయాన్ లెక్కనే ఉంటది.”

“అబ్బో, గంత కష్టమా!” అంది. పిల్లలు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఇన్నేళ్లుగా ఇచ్చేయడం గురించే చెప్పాను, ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

మధ్యాహ్నం సెలవు పెట్టి కామారెడ్డి బస్సెక్కాను. మా ఊరు దాటి తాడ్వాయిలో దిగాను. గురుకులం ప్రిన్సిపాల్ కళ్లజోడు సర్దుకుంటూ అడిగింది.

“చేరుతున్నరా, వద్దని రాసిస్తున్నరా అమ్మా?”

“చేరుతున్న” అన్నాను. ధైర్యమూ లేదు, గీర్యమూ లేదు. మాట అలా వచ్చేసింది. సంతకం పెట్టాను.

వరండాలోకి రాగానే యేసుబాబు ఫోన్.

“రాసిచ్చినవా?”

“లేదు. చేరిన.”

ఆయన అరిచాడు. “ఎవర్నడిగి చేరినవ్?”

ఎవరినీ అడగలేదు. ఆ సంగతి ఆయన అరిచాకే నాకు తెలిసింది.