గాలిలో కడిగిన కప్పులు

భర్త చొక్కాకు ఆమె ఆఖరి బొత్తాం పెడుతుంటే, "కాలరు కూడా సరిచెయ్యి" అన్నాడు. సరిచేసింది. పక్షవాతం ఆయన కుడిచేతిని పడగొట్టి నాలుగు నెలలైంది. అప్పటినుంచి ముద్ద కలిపి నోట్లో పెట్టాలన్నా, గడ్డం గీయాలన్నా, ముక్కు తుడవాలన్నా ఆమె చేతులే. అంతకుముందు ఆ చేతులు ఒక ల్యాబులో కట్టుడుపళ్లకు అచ్చులు పోసేవి. "సోమవారానికల్లా రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాను" అని యజమానురాలు రెండుసార్లు ఫోన్ చేసింది. "మొగుడికంటే ఎవరివో పళ్లు ఎక్కువయ్యాయా?" అని అత్తగారు దెప్పిపొడిచింది. నిజమే కాబోలనుకుని సిగ్గుపడింది కూడా, పిచ్చిది.

ఆస్పత్రిలో రోజూ ఆమె కాపలా థెరపీ గది బయటే. ఇవాళ థెరపిస్టు అమ్మాయి తలుపు తీసి, "లోపలికి రండాంటీ, అంకుల్ ఎంత బాగా చేస్తున్నారో చూద్దురుగాని" అంది.

ఆయన కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ ఉంది. అందులో ఆయనకు కనిపించే బొమ్మ వంటగది గోడమీది తెరలో ఆమెకూ కనిపించింది. ఆయన కుడిచెయ్యి గాలిలోనే కప్పు అందుకుంది, తిప్పి తిప్పి తోమింది, కడిగి బోర్లించింది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో తాను తాగిన గ్లాసును సింకుదాకా మోయని మహానుభావుడు! గంట మోగింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఆయన మురిసిపోయాడు.

"నిజం చెంచా పట్టడం, నిజం బొత్తాలు పెట్టుకోవడం కూడా వచ్చేసి మూడు వారాలైందాంటీ. ఇంట్లో సొంతంగానే తింటున్నారుగా?"

మూడు వారాలు! ఆ పెదాల తడి ఇంకా వేళ్లకు అంటుకునే ఉందనిపించింది ఆమెకు. జబ్బుమనిషి ఎంగిలి ఆమెకెన్నడూ రోత కాలేదు. ఇది రోత.

హెడ్‌సెట్ తీయగానే ఆయనకు భార్య కనిపించింది. అంతే, కుడిచెయ్యి టక్కున ఒళ్లో వాలిపోయింది.

"ఇంట్లో ఎందుకు చెయ్యరు?" అని అడిగింది.

"ఇదేదో ఆటలే. ఇంట్లో నువ్వున్నావుగా."

నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గాని, నిద్ర నటించేవాణ్ణి లేపలేం. ఆ లేపే పని కూడా తనదే ఎందుకవ్వాలి? మూలనున్న కుళాయి దగ్గర సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని, ల్యాబుకు ఫోన్ చేసింది.

"మేడమ్, సోమవారం దాకా ఎందుకు? రేపే వస్తాను."

ఆయన ముఖం పాలిపోయింది. "మరి నాకు అన్నం ఎవరు పెడతారే?"

"ఏమో. ఇంట్లో నేనుండనుగా."