ఆఖర్న నంబరు

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన ఒకే రేకుల షెడ్డు కింద ముగ్గురి బతుకు. రేవణసిద్ధప్ప లారీలకు చెక్క బాడీ కడతాడు, బస్వమ్మ సీట్లు కుడుతుంది, మాణిక్ రంగులు వేస్తాడు. ఒకరి కోసం వచ్చిన లారీ ముగ్గురి చేతుల మీదుగా పోవాల్సిందే. అన్నీ అయ్యాకే మాణిక్ నంబరు రాస్తాడు. ఎనిమిదేళ్లుగా అదే కాయిదా.

ఎనభై మూడు చలికాలంలో షెడ్డు యజమాని జగన్‌మోహన్ పటేలు తన కొత్త లారీకే బాడీ కట్టించాడు. బస్వమ్మ రెగ్జిన్ పరుచుకుని కొలతలకు లేచేసరికి, పటేలు బామ్మర్ది తెచ్చిన తయారు సీటు లోపల కూర్చుని ఉంది.

"నీ పని వద్దు బస్వమ్మా. ఇగ సీట్లన్నీ మా బామ్మర్దే తెస్తడు. షెడ్డుల నీ మూల ఆయనకిస్తున్న. పొద్దుమీకేసరికి మిషిను తీస్కపో."

మొగుడు పోయాక ఆ మూలే బస్వమ్మకు అన్నం పెట్టింది. ఇంట్లో కూర్చుంటే లారీ గల్లీలోకి వస్తుందా? మిగతా ఇద్దరి వైపు చూసింది. రేవణసిద్ధప్ప తల వంచుకుని లారీ వెనక తలుపుకు చిత్రిక పడుతున్నాడు. మాణిక్ రంగు కలుపుతున్నాడు. ఇన్నేళ్ల పొత్తు ఇంతేనా అని ఒళ్లు మండి, మిషను మీద గుడ్డ కప్పింది.

"మాణిక్, నంబర్ రాయి. లారీ అల్లం లోడుకు పోవాలె," అన్నాడు పటేలు.

మాణిక్ కుంచెను డబ్బా మీద అడ్డంగా పెట్టాడు. "అక్క చెయ్యి పడకుండ నంబర్ పడదు పటేలా."

"నువ్వు గాకుంటే ఇంకోడు రాస్తడు!"

"రాయనియ్యి. ఎనక తలుపు ఎవడు బిగిస్తడు?" అన్నాడు రేవణసిద్ధప్ప. చిత్రిక పక్కన పెట్టి, ఆ తలుపు మీదనే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

పటేలు మొహం కందగడ్డ అయింది. "ముగ్గుర్నీ ఎల్లగొడ్త!"

"ఎల్లగొట్టు," అన్నాడు రేవణసిద్ధప్ప. "రోడ్డు పక్కన ఎండల కూసుంటం. లారీలోళ్లు మా చేతుల కోసం వస్తున్రు, నీ రేకుల కోసం గాదు."

బస్వమ్మకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పటేలు చూస్తాడని మింగేసింది. మిషను మీది గుడ్డ లాగి పారేసింది. లారీ ఎక్కి, తయారు సీటును రెండు చేతులా ఊడబెరికి కిందికి తోసింది. టేపు తీసి కొలతలు మొదలుపెట్టింది.

పటేలు రెండంగల్లో లారీ దగ్గరికొచ్చి, పరిచిన రెగ్జిన్ మీద నిలబడ్డాడు.

"జర పక్కకు జరుగు పటేలా," అంది బస్వమ్మ పైనుంచే. "నా రెగ్జిన్ తొక్కుతున్నవ్."

పటేలు కాలు తీశాడు.