గురువారం అరటిపళ్ళు

గురువారం పూజలో పెట్టిన అరటిపళ్ళను వసుమతి ఇంట్లో ఎవరూ ముట్టరు. భర్త శ్యామ్‌సుందర్‌కి షుగర్. పన్నెండేళ్ళ కూతురు అవనికి మచ్చపడ్డ పండంటే రోత. ప్రసాదాన్ని చెత్తబుట్టలో పడేస్తే కళ్ళు పోతాయని వసుమతి భయం. అందుకే పెరటి కంచె పక్కన పెట్టేది. కాలిఫోర్నియాలోని శాన్ రామన్ కొండల్లో జింకలకు కొదవా? చెవి చిరిగిన తల్లి జింకొకటి, దాని పిల్లా పళ్ళెం చప్పుడు వినగానే వారం తప్పకుండా వచ్చి తినిపోయేవి.

జింకలకు మేత పెట్టొద్దని, వాటి వెనకే కొండ సింహాలు దిగుతాయని కాలనీ అసోసియేషన్ రెండుసార్లు ఉత్తరం రాసింది. "మూగజీవానికి నాలుగు పళ్ళు పెడితే వీళ్ళ సొమ్మేం పోయింది?" అంది వసుమతి. పుణ్యం ముందు అసోసియేషనెంత!

పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు కదా, ఆమెకి అది ఈ గురువారం మధ్యాహ్నం ఎదురైంది. ఇత్తడి పళ్ళెంతో కంచెదాకా వెళ్ళింది. వెనకాల ఎముక విరిగిన చప్పుడైతే తిరిగి చూసింది. ఇంటి గోడకున్న కొళాయి దగ్గర, గన్నేరు పొద చాటున సింహం. జూలు లేదు, దూడంత ఉంది. దాని కాళ్ళ మధ్య చెవి చిరిగిన జింక.

వసుమతికి పైప్రాణాలు పైనే పోయాయి. ఇంటికీ తనకీ మధ్య అది. అడుగులో అడుగు వేసుకుంటూ పక్కనున్న పనిముట్ల షెడ్డులో దూరి తలుపు లాక్కుంది. లోపల గడియ లేదు. చున్నీని పిడికి ముడేసి రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఫోను వంటింట్లో చార్జింగులో ఉంది. అరిచింది, పళ్ళెం మోగించింది. చుట్టుపక్కల అందరూ ఆఫీసులకు పోయారు. సింహం ఒక్క చెవి ఆడించి మళ్ళీ తిండిలో పడింది.

రేకుల వేడికి చెమట ధారలు కడుతోంది. చేతి గడియారం చూసుకుంది. మూడూ అయిదు. మూడుంపావుకి అవని స్కూలు నుంచి నడిచొస్తుంది. ముందు గుమ్మంలోంచి రాదు. బయటి దుమ్ముతో దేవుడున్న ఇంట్లోకి రాకూడదని, పక్క గేటు తీసుకుని పెరటి కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని రావాలని, ఆరేళ్ళుగా పోరుపెట్టి నేర్పింది తానే. పైగా దాని చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌పాడ్స్. ఇక్కణ్ణుంచి ఎంత అరిచినా వినబడదు.

'నా చేతులారా నా బిడ్డని దాని నోటి దగ్గరికి పంపుతున్నానా?' వసుమతికి ఏడుపు ముంచుకొచ్చింది. దేవుడికి మొక్కుదామంటే నోరు రాలేదు. పది నిమిషాలు పదేళ్ళలా గడిచాయి.

గేటు గొళ్ళెం చప్పుడైంది.

చున్నీ వదిలేసి, మూలనున్న పలుగు అందుకుంది. తలుపు తన్నుకుని బయటికొచ్చి, పళ్ళేన్ని పలుగుతో బాదుతూ సింహం మీదికే నడిచింది.

"అవనీ! రావద్దే! కాళ్ళు కడుక్కోవద్దు! వెనక్కి పో!"

సింహం లేచి ఆమెకేసి తిరిగింది. పళ్ళు కనిపించాయి. గేటు దగ్గర అవని కొయ్యబారిపోయింది. ఇయర్‌పాడ్స్ లాగేసింది.

"అమ్మా, డోంట్ రన్! చేతులు పైకి పెట్టు! బిగ్‌గా కనబడు!"

స్కూల్లో నేర్పారట. తల్లి పళ్ళెం ఎత్తింది, కూతురు బ్యాగు ఎత్తింది. ఇద్దరూ గొంతులు చించుకున్నారు. సింహం ఇటొకసారి, అటొకసారి చూసి, విసుగు పుట్టినట్టు ఒక్క దూకులో కంచె దాటిపోయింది. అవని బూట్లతోనే ఇల్లంతా తొక్కుకుంటూ లోపలికెళ్ళి పోలీసులకి ఫోను చేసింది. వసుమతి ఆ బూట్ల కాళ్ళనే వాటేసుకుని భోరుమంది.

మళ్ళీ గురువారం వచ్చింది. పూజయ్యాక వసుమతి పీట మీద కూర్చుని, మచ్చలు పడ్డ పళ్ళన్నీ ఒక్కొక్కటిగా తానే తింటోంది. అద్దాల తలుపులోంచి చూస్తే కంచె పక్కన పిల్ల జింక. ఒంటరిగా నిలబడి తలుపుకేసి చూస్తోంది.

చేతిలో పండు పక్కన పెట్టింది. లేచి పళ్ళెం, పలుగు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి బాదింది.

"పోవే తల్లీ, పో! ఇంకెప్పుడూ రాకు!"

అది కదల్లేదు. పళ్ళెం చప్పుడు వినగానే ఇంకా దగ్గరికొచ్చింది.